అత్త వేసిన గాజులు

కమలమ్మాళ్ చేతికి గాజులెక్కించడమంటే మాటలు కాదు. మనిషి సన్నమే గాని చెయ్యి మొండిది. బొటనవేలి కింది ఎముక అడ్డం పడుతుంది, కీళ్ళు బిగుసుకుపోయి అయిదు వేళ్ళూ ఒక దగ్గరికి రావు. కోసపాళయంలో ఇంకో రెండు గాజుల అంగళ్ళున్నాయి. అక్కడికి పోతే గాజులు చిట్లి, చర్మం గీసుకుని, చివరికి ప్లాస్టిక్‌వి వేసుకుని ఇంటికి రావాల్సిందే. అందుకే ఎన్నో ఏళ్ళుగా ఆమె పంకజం దగ్గర తప్ప ఇంకెక్కడా చెయ్యి చాచదు.

పంకజం ఆ చేతిని ఒళ్ళో పెట్టుకుని సబ్బునీళ్ళు రాసింది. బొటనవేలిని అరచేతిలోకి నొక్కుతూ, మిగతా వేళ్ళను పిసికి మెత్తబరిచింది. గాజును కణుపు దాకా తెచ్చి ఆపింది. తొందరపడితే గాజు చిట్లుతుంది, ఆలస్యం చేస్తే చెయ్యి మళ్ళీ బిగుస్తుంది. కమలమ్మాళ్ ఊపిరి వదిలేదాకా చూసి అప్పుడు తోసింది. గాజు కణుపు దాటి మణికట్టు మీదికి జారింది.

“ఏంబలంలో శుక్రవారం వళైకాప్పు అంట కదా పంకజం,” అంది కమలమ్మాళ్, కళ్ళు మూసుకునే. “కీర్తికకి ఏడో నెల.”

పంకజం చేతిలో రెండో గాజు ఆగిపోయింది. కీర్తిక తన ఆడపడుచు తిలగం కూతురు. తను చంకనెత్తుకుని తిప్పిన పిల్ల. ఆ పిల్లకి ఏడో నెల గాజులు తొడిగే పండుగని ఊరందరికీ తెలిసింది, సొంత అత్తకి తెలియలేదు! అంగడికి వచ్చిన మనిషి నోట వినాల్సిన గతి పట్టింది.

“నాకు తెల్దక్కా.”

“తెలీకుంటే మంచిదే. మొన్న నువ్వు రాలేదు గాని, మనసుకడుగులో ఎవరో చెప్పినారు. ఆ పక్క ఎవురూ పోవద్దని అయ్య చెప్పి రమ్మన్నాడు. ఆరిన ఇల్లు కదా.”

అయ్య అంటే ఆమె భర్త వీరరాఘవన్. పక్క వీధిలో వాళ్ళ మేడమీదే నిత్యదీప సభ. పంకజం ఇంటివాళ్ళూ ఆ సభవాళ్ళే. సభవాళ్ళు తెలుగు కీర్తనలు తమిళ అక్షరాల్లో రాసుకుని పాడతారు. ఒకరింట్లో ఒకరు తింటారు, ఒకరి పిల్లల్ని ఇంకొకరికిచ్చి చేస్తారు, ఆదివారం పొద్దున నిలబడి తమ తప్పులతో పాటు పక్కవాళ్ళ తప్పులు కూడా చెబుతారు. ఆ చాడీలకి మనసుకడుగు అని ముద్దుపేరు! సభ మాట దాటినవాళ్ళ ఇల్లు ఆరిన ఇల్లు. ఆ ఇంట్లో మంచినీళ్ళు తాగకూడదు, ఆ మనుషులతో పలకకూడదు. కీర్తిక సభ చూసిన సంబంధం వద్దని యానాం అబ్బాయి అఖిల్‌ని చేసుకుంది. నా కూతురు చచ్చిపోయిందని సభలో నిలబడి చెప్పమంటే తిలగం చెప్పలేదు. అంతటితో ఆమె దీపం ఆర్పేశారు.

కమలమ్మాళ్ మాత్రం ఒకప్పుడు అలా నిలబడి చెప్పింది. ఆమెకీ భానుశ్రీ అని ఒక కూతురుండేది. ఇప్పుడా పేరు ఆ వీధిలో ఎవరూ ఎత్తరు.

“పోయేవాళ్ళెవరున్నార్లే అక్కా,” అంది పంకజం. అనేసి, తన నాలుక మీద తనకే అసహ్యమేసింది. మిగతా గాజులు మాట్లాడకుండా ఎక్కించింది. ఒక్కటీ చిట్లలేదు.

*

ఆ సాయంత్రం పంకజం భర్త పురుషోత్తమన్ మేట్టుపాళయంలో పని ముగించుకుని వచ్చి, చెప్పులు విప్పుతుండగానే బల్ల మీద పంకజం ఫోన్ మోగింది. తిలగం పేరు చూశాడు. ఫోన్ బోర్లించి పెట్టి కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి పోయాడు. సొంత చెల్లెలి పేరు అది. ఏడాదిగా ఆ పేరు కనబడితే ఆయన చేసే పని అదొక్కటే. పంకజం ఫోన్ ఎత్తింది.

“వదినా, అన్న పక్కన ఉండాడా? ఉంటే పెట్టేస్తా.”

“పెట్టొద్దు. చెప్పు.”

“శుక్రవారం పిల్లకి గాజులు పెట్టుకున్నా. మనోళ్ళెవురూ రారని తెలుసు. నిన్ను రమ్మని పిలిచి ఇబ్బంది పెట్టను. గాజులు మాత్రం మన అంగడివే ఉండాలని ఆశ. అమ్మ అంగడి కదా వదినా. ఏంబలం బస్సు కండక్టర్ చేతికిచ్చి పంపితే చాలు.”

ఎంత పరాయి మాట మాట్లాడింది! ఆ అంగట్లో పుట్టిన మనిషి, పక్క ఊరి బేరగత్తెలాగా గాజులు పంపించమని అడుగుతోంది. పంకజానికి ఏడుపు రాలేదు, కోపమే వచ్చింది. తిలగం మీద కాదు. ఎవరి మీదో ఆమెకే తెలియలేదు.

“సైజెంత?” అంది.

“రెండు నాలుగే కదా. నీకు తెలీదా ఏంది?”

“అది పెళ్ళికి ముందు మాట. ఏడో నెలలో చేతులు ఉబ్బుంటాయి. చూడకుండా ఎట్ల పంపేది? చిన్నవైతే ఆ పిల్ల చేతిలోనే చిట్లుతాయి. పండగపూట నెత్తురు చూస్తావా?”

“ఏమో వదినా. నువ్వే ఒక అంచనా కట్టి పంపు,” అని తిలగం గొంతు తగ్గించేసింది.

పురుషోత్తమన్ తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ గుమ్మంలో నిలబడ్డాడు. అంతా విన్నాడు. పంకజం ఫోన్ పెట్టి ఆయన వైపు తిరిగింది.

“మీ చెల్లెలు. మీ మేనకోడలు. ముందు వరస గాజులు మేనమామ ఇంటివి. ఏమంటారు?”

“నేనేమీ అన్లే.”

“అదే కదా నా బాధ! ఏదో ఒకటి అనండి. పోవద్దనండి, పొమ్మనండి.”

“నన్ను అడగొద్దు పంకజం. అడిగితే నేను విన్నట్టే. విన్నానంటే ఆదివారం నిలబడి చెప్పాల.” తువ్వాలు భుజాన వేసుకుని గోడకేసి చూశాడు. “కంపెనీ ఓనరు కూడా సభ మనిషే. నీకు తెలుసు.”

అట్టపెట్టెల కంపెనీలో ఈయన సూపర్‌వైజరు. పొద్దున్నించీ సాయంత్రం దాకా ముప్పైమంది మీద కేకలేసే మనిషి. ఇంట్లో సొంత నోరు తెరవడానికి ఇంకొకరి సెలవు కావాలి. పంకజం వంటగదిలోకి పోయి అన్నం గిన్నె మీద మూత ధడాలున పెట్టింది.

ఆయన తల్లి, పంకజం అత్త, ఈ అంగడి నడిపినన్నాళ్ళూ ఒకే పట్టు పట్టింది. చెయ్యి చాచి కూర్చున్న ఆడదాన్ని ఉత్తచేత్తో లేపకూడదు. డబ్బుల్లేకపోతే రెండు మట్టిగాజులైనా వేసి పంపాల. కులం అడగొద్దు, మొగుడెవరో అడగొద్దు. అంత పట్టుదల మనిషి మనవరాలు ఇప్పుడు ఏంబలంలో చెయ్యి చాచి కూర్చుంటే, అంగడి మూసి ఇంట్లో కూర్చోమంటోంది సభ.

*

శుక్రవారం పొద్దున పంకజం మూడు కొలతల గాజులు పెట్టెకెత్తింది. పండుగకి వచ్చిన ఆడవాళ్ళకి కూడా తలా ఒక జత వేసి పంపడం రివాజు. దానికి ఎర్రదీ పచ్చదీ కలిపి, పైన బంగారు చుక్కలున్న జతలు వేరే పెట్టె నిండా సర్దింది. వాళ్ళ వంశం ఆడవాళ్ళందరికీ సరిపోయేన్ని. ఎవరూ రారని తెలుసు. తెలిసీ తగ్గించడానికి చెయ్యి రాలేదు.

పురుషోత్తమన్ కాఫీ తాగుతూ ఆ పెట్టెలు చూశాడు. టిఫిన్ క్యారియర్ తీసుకుని బండి స్టార్ట్ చేసుకుని పోయాడు.

బస్సులో పెట్టెలు ఒళ్ళో పెట్టుకుని, గుంత వచ్చినప్పుడల్లా రెండు చేతులతో పైకెత్తి పట్టుకుంది. విల్లియనూరు దాటేసరికి భుజాలు పీకేశాయి. బస్సు దిగి ఇల్లు చేరేసరికి చీర ఒంటికి అంటుకుపోయింది. వాకిట్లో చిన్న పందిరి. పందిరి కింద అద్దె కుర్చీలు వరసలుగా వేసున్నాయి. ముందు వరసలో యానాం నుంచి వచ్చిన అఖిల్ తల్లి, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు, చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు కొందరు. వెనకవన్నీ ఖాళీ. నిమ్మకాయ అన్నం, పులిహోర, కొబ్బరన్నం, పెరుగన్నం, చక్కెర పొంగలి, అయిదు రకాలూ పెద్ద పెద్ద గిన్నెల్లో చేయించింది తిలగం. ఎవరి కోసం చేయించిందో!

తిలగం ఆమెను చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. తర్వాత లోపలికి పరుగెత్తి చెంబుతో నీళ్ళు తెచ్చింది. సగం దూరం వచ్చాక ఏదో గుర్తొచ్చి చెంబు వెనక్కి పట్టుకుంది.

“మర్చిపోయినా వదినా. నువ్వు ఈడ తాగకూడదు కదా.”

పంకజం ఆ చెంబు లాక్కుని గటగటా తాగేసింది. నీళ్ళు గడ్డం మీంచి జాకెట్ మీద కారాయి. “ఎండలో వచ్చిన మనిషికి నీళ్ళిచ్చి వెనక్కి లాక్కుంటావా? ఇదేం మర్యాదే?” అంది. గొంతు పొలమారి దగ్గింది.

“రండత్తయ్యగారూ, ఎండన పడి వచ్చేరు,” అంటూ అఖిల్ పెట్టెలందుకున్నాడు. “ఆయ్, మీరొచ్చేరు, మాకదే పదివేలండి.”

కీర్తిక పీట మీద కూర్చుంది. బుగ్గలకీ చేతులకీ గంధం. పంకజం ఆ పిల్ల చెయ్యి పట్టుకోగానే నవ్వొచ్చింది. చూడకుండా పంపమన్నది తిలగం! వేళ్ళు ఉబ్బి గుండ్రంగా ఉన్నాయి. రెండు నాలుగు కణుపు దగ్గరే ఆగిపోయేది. రెండు ఆరు తీసింది. ముందు దిష్టి తగలకుండా వేపకొమ్మ వంచి చుట్టిన కాప్పు తొడిగింది. తర్వాత పచ్చవి, ఎర్రవి, ఒక్కొక్కటే, పిల్లకి నొప్పి తెలియకుండా ఎక్కించుకుంటూ పోయింది. చేతిలో చేతిని పెట్టుకున్నంతసేపూ ఆమెకి ఇంకేమీ గుర్తు రాలేదు. సభ గాని, ఆదివారం గాని.

“అత్తా, ఇవి మామ పంపినాడా?” అంది కీర్తిక, మెల్లగా, పక్కవాళ్ళకి వినబడకుండా.

అవునంటే ఆ పిల్ల మొహం ఎట్లా వెలుగుతుందో పంకజానికి తెలుసు. అవునంటే పోయేదేముంది? నోటి దాకా వచ్చింది.

“లేదమ్మా. ఇవి నావి. అత్తవి.” రెండు గాజులు తీసి చూపించి, మళ్ళీ పెట్టెలో పెట్టేసింది. “మామవి ఇవి. ఇవి నేను వెయ్యను. మామే వచ్చి వెయ్యాల.”

కీర్తిక తల వంచుకుంది. ఏడవలేదు గాని గంధం రాసిన బుగ్గ మీద చెయ్యి పెట్టుకుంటే గాజులు గలగలమన్నాయి. కడుపులో పిల్లకి వినబడాలనే కదా అన్ని గాజులు వేసేది.

భోజనాలయ్యాక తిలగం తమలపాకులో నోటు పెట్టి తెచ్చింది. పంకజం ఆ చేతిని తోసేసింది. “అత్త కూలి తీసుకుంటాదా? పో అవతలికి.” వచ్చినవాళ్ళందరికీ తలా జత వేసినా, చుక్కల గాజుల పెట్టె సగానికి పైగా నిండే ఉంది. ఆ పెట్టెను అలాగే ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కింది. పోయేటప్పటి కంటే ఇప్పుడు బరువనిపించి, ఖాళీ కుర్చీలన్నింటినీ పేరు పేరునా తిట్టుకుంటూ ఇల్లు చేరింది.

*

ఆ కబురు సభకి చేరడానికి ఎంతసేపు పడుతుంది? శనివారం పురుషోత్తమన్ పని నుంచి తొందరగా వచ్చేశాడు. మొహంలో ఏదో పెద్ద బరువు దిగినట్టుంది.

“అయ్య పిలిపించినాడు. కోపంగా లేడు. మంచి మనిషి, దారి కూడా ఆయనే చెప్పినాడు,” అన్నాడు. “నువ్వు గాజులమ్మే మనిషివి. పిలిస్తే పోయినావు. గాజులు వేసినావు, కూలి తీసుకున్నావు, వచ్చేసినావు. యాపారానికి దోషం లేదు. రేపు ఆ మాట ఒక్కటి చెప్పు, అయిపోయినాది.”

“నేను కూలి తీసుకోలే.”

“తీసుకున్నానని చెప్పు.”

“తీసుకోలే అంటుంటే!”

“ఎవరు చూసినారు?” అంటూ గొంతు పెంచి, వెంటనే కిటికీ వైపు చూసి తగ్గించాడు. “ఒక్క మాట పంకజం. ఒక్క మాటతో నీ అంగడి, నా పని, ఈ ఇల్లు, అన్నీ నిలబడతాయి. సభ ఆడవాళ్ళు రాకుంటే నీ అంగట్లో ఈగలు తోలుకుంటావు. నువ్వు ఆరిపోయినావంటే నేను నీ చేతి అన్నం తినకూడదు. అది ఆలోచించినావా?”

ఆలోచించకుండా ఎట్లా ఉంటుంది? తిలగానికి ఫోన్ చేస్తే ఆమె కూడా అదే పాట. “చెప్పెయ్ వదినా. నేను ఇచ్చినాననే అంటా. నీ కాపురం చెడగొట్టిన పాపం నాకొద్దు.” అందరూ ఎంత మంచివాళ్ళో! అందరూ ఆమె మేలు కోరేవాళ్ళే. ఆ మేలంతా ఒక చిన్న అబద్ధంలో చుట్టి చేతికిస్తున్నారు. ఎవరైనా ఒక్కరు ఆమెతో పోట్లాడితే బాగుండేది.

ఆదివారం పొద్దున మేడమీద హాల్లో ఆడవాళ్ళు ఒక పక్క, మగవాళ్ళు ఒక పక్క కూర్చున్నారు. ముందు పెద్ద కుంది వెలుగుతోంది. పక్కనే చాప మీద వీరరాఘవన్, తెల్లటి బట్టల్లో. ఆయన ఎప్పుడూ గట్టిగా మాట్లాడి ఎరగడు. అదే ఆయనతో చిక్కు. అరిచే మనిషికైతే ఎదురు అరవచ్చు.

“రా అమ్మా పంకజం,” అన్నాడు. “శుక్రవారం పని మీద ఏంబలం పోయినావు. గాజులు వేసినావు, కూలి పుచ్చుకున్నావు. అంతే కదా? అవునని కూర్చో తల్లీ. కీర్తన మొదలుపెడదాం.”

అవుననే మాట కూడా అక్కర్లేదు. తల ఊపినా చాలు. పంకజం నిలబడింది. నాలుక అంగిలికి అంటుకుపోయింది. మగవాళ్ళ వైపు పురుషోత్తమన్ కళ్ళు గట్టిగా మూసుకుని కూర్చున్నాడు, కమలమ్మాళ్ గాజులు వేయించుకునేటప్పుడు మూసుకున్నట్టు.

“లేదయ్యా,” అంది.

వీరరాఘవన్ తల ఎత్తి చూశాడు.

“కూలి తీసుకోలే. నేను అత్తగా పోయినా. ఆడ నీళ్ళు తాగినా, అన్నం తిన్నా, పిల్లకి గాజులు వేసినా.”

“తప్పు చేసినానంటావు. అంతేనా?” ఆయన ఇంకా చిరునవ్వుతోనే ఉన్నాడు. బయటపడే దారి ఇంకొకటి చూపించాడు.

“గాజులు వెయ్యడం తప్పెట్ల అవుతాదయ్యా? మీరు చెప్పమన్న మాట చెప్పేస్తే అందరికీ బాగానే ఉంటాది, నాకు తెలుసు. కానీ ఆ మాట అన్నానంటే కీర్తికకి నేను అత్తని కాదు, గాజులమ్మినదాన్ని. ఆ పిల్ల ఇంకెప్పుడు నా చేతికి చెయ్యిస్తాది?” కొంగు తీసి నడుముకి దోపుకుంది. “నేను పోతా. మీరు ఆర్పేదాకా ఉండను. నేనే పోతా.”

పోతానని చెప్పడం తేలికే. హాలు గుమ్మం బయట చెప్పులు దొరకలేదు! అందరి చెప్పులూ కుప్ప పడి ఉన్నాయి. ఒకటి దొరికింది, రెండోది ఎవరి చెప్పుల కిందో ఉండిపోయింది. వంగి వెతుకుతుంటే వెనక హాల్లోంచి ఒక్కరైనా లేచి రాలేదు. చివరికి ఒంటి చెప్పు చేత పట్టుకుని, ఉత్తకాళ్ళతో మెట్లు దిగింది. వీధి మొదట్లో సిమెంటు కాలి అరికాళ్ళు చుర్రుమన్నాయి. “చీ!” అని ఆ ఒంటి చెప్పును కూడా కాలవలోకి విసిరికొట్టింది.

*

ఆ రోజు నుంచి అంగడి ముందు నుంచి పోయే ఆడవాళ్ళు ఎదుటి వైపు నుంచి పోయారు. కొందరు ఫోన్ చెవికి పెట్టుకుని పోయారు, కొందరు ఉన్నట్టుండి పిల్లల్ని గదమాయిస్తూ పోయారు. చిన్నప్పటి నుంచి తను చేతులు పిసికి గాజులు తొడిగిన ఆడవాళ్ళు. వాళ్ళ చేతుల మీది మచ్చలు కూడా ఆమెకి తెలుసు. అయినవాళ్ళు కాని బేరగత్తెలు ఒకరిద్దరు వచ్చి రబ్బరు బ్యాండ్లూ పిన్నులూ కొని పోయారు. పంకజం పొద్దున్నే అద్దాల పెట్టెలన్నీ తుడిచింది. మధ్యాహ్నం మళ్ళీ తుడిచింది. దుమ్ము లేదు, అయినా తుడిచింది.

ఇంట్లో అంతకంటే ఘోరం. పురుషోత్తమన్ హోటల్ పొట్లాలు తెచ్చుకుని ముందు గదిలో నేల మీద కూర్చుని తింటున్నాడు. ఆయనకి హోటల్ సాంబారు పడదు, కడుపు మండుతుంది. మండనీ! తిని, ఆకు మడిచి, చెత్తబుట్టలో వేసి, గ్లాసు తానే కడుక్కుంటాడు. పంకజం వండిన అన్నం అలాగే మిగిలిపోయేది. మర్నాడు ఆమె ఒక్కతే చద్దన్నం తినేది. ఒకసారి కోపం పట్టలేక, “ఇదేం బతుకండీ? నేను చచ్చినానా?” అని అరిచింది. ఆయన ఆమె వైపు చూసిన చూపులో జాలి కనబడింది, ఆ జాలి చూసి ఆమెకి మరింత ఒళ్ళు మండింది.

గురువారం మధ్యాహ్నం వీధిలో ఎవరూ తిరగని వేళ, అంగడి మెట్ల మీద నీడ పడింది. కమలమ్మాళ్. కొంగు నెత్తి మీదికి కప్పుకుని వచ్చింది. ఏమీ పలకలేదు. పలకకూడదు కదా. స్టూలు మీద కూర్చుని చెయ్యి చాచింది.

పంకజం ఆ చేతిని చూసింది. తను మొన్న వేసిన గాజులన్నీ ఉన్నాయి. ఒక్కటి కూడా చిట్లలేదు. మరెందుకొచ్చినట్టు? తిట్టడానికా? కబురు చెప్పడానికా? వెళ్ళిపొమ్మనాలని నోటి దాకా వచ్చింది. ముసలి అత్త మాట గుర్తొచ్చి, తిట్టుకుంటూనే సబ్బునీళ్ళ గిన్నె దగ్గరికి లాక్కుంది.

పచ్చ గాజుల తట్ట ముందు పెడితే కమలమ్మాళ్ తల అడ్డంగా ఊపింది. నీలం పెడితే అదీ వద్దంది. వంగి, బల్ల కింద ఉన్న అట్టపెట్టె మీద వేలు పెట్టింది. ఏంబలం నుంచి మిగిలిపోయి వచ్చిన చుక్కల గాజులు. వళైకాప్పుకి వచ్చినవాళ్ళకి వేసే గాజులు.

పంకజం ఆమె మొహంలోకి చూసింది. “అవి యాడివో తెలుసా అక్కా?”

కమలమ్మాళ్ చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

పంకజం పెట్టె తెరిచింది. ఆ చెయ్యిని ఒళ్ళో పెట్టుకుని, బొటనవేలిని లోపలికి నొక్కి, వేళ్ళు పిసకడం మొదలుపెట్టింది. ఈసారి కమలమ్మాళ్ కళ్ళు మూసుకోలేదు. ఎర్ర గాజు ఎక్కింది. పచ్చది కణుపు దగ్గర ఆగింది. పంకజం ఆమె ఊపిరి వదిలేదాకా చూస్తూ ఉంది. ఆమె ఊపిరి వదలకుండా మాట వదిలింది.

“భానుశ్రీకి ఏడో నెలప్పుడు గాజులు ఎవరేసినారో నాకు తెల్దు పంకజం.”

పంకజం చేతులు ఆగిపోయాయి.

“నువ్వు పిల్ల చెయ్యి పట్టుకుని కొలత చూసినావంట. నేను ఏ చెయ్యీ పట్టుకోలే.” ఆమె ముక్కు చీదుకుంది. “ఎక్కించు. నొప్పి పెట్టినా పరవాలేదు.”

గాజు ఎక్కింది. ఆమె డబ్బులు తీయబోతే పంకజం కసిరింది. “ఇవి అమ్మేవి కావక్కా. పండుగవి.” కమలమ్మాళ్ ఇంకో మాట అనలేదు. వచ్చినప్పుడు నెత్తి మీదికి కప్పుకున్న కొంగు, పోయేటప్పుడు భుజం మీదనే ఉండిపోయింది.

*

ఆదివారం పురుషోత్తమన్ సభ నుంచి ఎప్పటి కంటే ముందే వచ్చేశాడు. ఆయన చేతిలో హోటల్ పొట్లం లేదు. పంకజం వంటగదిలో చారు పోపు పెడుతోంది. వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఇన్నాళ్ళకి నోరు విప్పాడు.

“అయ్య ఇంటామె హారతి పళ్ళెం ఎత్తినాది. చేతికి ఎర్రవీ పచ్చవీ, చుక్కలవి. అందురూ చూసినారు.”

పంకజం గరిటె తిప్పుతూనే ఉంది. “అయ్య ఏమన్నాడు?”

“పాట ఆపేసినాడు. ఆమె ఆపలే. ఒక్కతే పాడుతానే ఉండినాది. కొంజం సేపటికి ఆడోళ్ళ పక్క నుంచి ఇంకెవరో అందుకున్నారు.” పీట వాల్చుకుని కూర్చున్నాడు. కంచం దగ్గరికి లాక్కున్నాడు. “అన్నం పెట్టు.”

పంకజానికి సంతోషం రావాల్సింది. రాలేదు. అరికాలి నుంచి నెత్తి దాకా మండిపోయింది. ఇన్నాళ్ళూ తన చేతి అన్నం విషమైపోయింది. నడి సభలో నాలుక ఎండిపోయి తను నిలబడ్డప్పుడు ఈయన కళ్ళు మూసుకున్నాడు. ఈ పొద్దు పెద్దింటామె చేతికి రెండు గాజులు కనబడేసరికి ఆకలేసిందా!

“ఆమె వేసుకుంటే మీకు ధైర్యం వచ్చినాదా? నేను వేసినప్పుడు యాడికి పోయినాది అది?”

ఆయన కంచంలోకి చూస్తూ కూర్చున్నాడు.

“నేను పెట్టను,” అంది పంకజం. పొయ్యి ఆర్పేసింది. “మీ చెల్లెలింటికి పోండి. ఆడ నీళ్ళు తాగండి, అన్నం తినండి. ఆడ చెయ్యి కడుక్కున్నాకనే ఈడ నా చేత్తో పెడతా. అంతదాకా హోటలే మీకు గతి.”

పీట కదిలింది. ఆయన ఇంటి ముందరి అంగట్లోకి పోయాడు. అక్కడ పెట్టెలు తీస్తున్న చప్పుడు, మూతలు పడుతున్న చప్పుడు. ఏదో కింద పడింది కూడా. పంకజం పోయి చూడలేదు. చారు మీద మూత పెట్టి, దాని వైపే చూస్తూ నిలబడింది.

ఆయన తిరిగి వచ్చాడు. ఒక చేతిలో రెండు గాజులు, ఇంకో చేతిలో ఇంకో రెండు. గాజుల అంగట్లో పుట్టి, గాజుల అంగట్లో పెరిగిన మనిషి, ఏది ఏదో తెలియక వాటిని మార్చి మార్చి చూసుకుంటున్నాడు.

“పంకజం,” అన్నాడు. “పిల్ల చేతికి ఏ సైజు?”

ఆమెకి ఇంకా కోపంగానే ఉంది.

“రెండు ఆరు,” అంది. “బస్సులో ఒళ్ళో పెట్టుకోండి.”